ఉప్పు తక్కువైన రొట్టె

పరభాషా చిత్ర మిత్రమండలి,
రాబర్ట్‌సన్‌పేట, మచిలీపట్నం.
8-4-2003

సభ్యులు నెం. 17 శ్రీ నరేంద్ర గారికి, పెడన.

అయ్యా,

తమరికి తెలియజేయునది. ఇంటి వద్దనే పరదేశపు చిత్రములు చూడగోరు సభ్యులకు మండలి ప్రతి నెలా ఒక చిత్రమును, రెండు డిస్కులుగా, పోస్టులో పంపుచున్నది. చూచిన పిమ్మట అభిప్రాయపు చీటీ రాసి డిస్కులతో సహా తిప్పి పంపవలెనని ఆరవ నియమము. తమరి నుండి 56, 57 నెంబర్ల చిత్రములకు చీటీలు రాలేదు, డిస్కులూ రాలేదు. ఈ నెల కూడా రానిచో తమ పేరు జాబితా నుండి కొట్టివేయబడును.

సభ్యుల అభిప్రాయమే మండలికి ఊపిరి అని తమరు ఎరుగుదురు.

భవదీయుడు,
భూషణం, కార్యదర్శి
(రిజిస్ట్రేషను ఆఫీసు హెడ్ గుమస్తాగా రిటైరు)

తా.క.: తమరు తిప్పి పంపిన 55వ చిత్రము రెండో డిస్కు మీద కరక్కాయ మరకతో బొటనవేలి ముద్ర పడినది. అద్దకపు చేతులతో డిస్కులు పట్టుకొనరాదు. నా సర్వీసులో ఇంత స్పష్టమైన వేలిముద్ర చూడలేదు. దస్తావేజుకైతే భేషుగ్గా చెల్లును, డిస్కుకు పనికిరాదు.

---

పెడన
15-4-2003

మచిలీపట్నం భూషణం గారికి, పెడన నుంచి నరేంద్ర తల్లి కోటమ్మ నమస్కారం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. అట్లా రాయటం అలవాటు కాబట్టి చెయ్యి రాసేసింది. కొట్టేస్తే కాగితం అసహ్యంగా ఉంటుందని ఉంచాను.

మా నరేంద్ర మాఘమాసంలో చనిపోయాడండి. గుడివాడలో దుప్పట్లు ఇచ్చి బండి మీద వస్తుంటే పామర్రు దగ్గర లారీ గుద్దింది. ఇరవై ఆరేళ్ళు. మీకు తెలియదు కాబట్టి మీ తప్పు లేదు.

ఒక్కటి అడుగుతాను. వాడి పేరు కొట్టెయ్యకండి. రేషను కార్డులో కొట్టేశారు. ఓటరు లిస్టులో కొట్టేశారు. ఇంక వాడి పేరు ఉన్నది మీ దగ్గరే. నెలకొకసారి పోస్టాయన గుమ్మంలో నిలబడి "నరేంద్రా, నీ సినిమా వచ్చిందయ్యా" అని కేకేసేవాడు. ఇప్పుడు మీ కార్డు వస్తే కేకెయ్యకుండా నా చేతిలో పెట్టి తలొంచుకుని పోయాడు. కేకెయ్యమని ఆయనకి నేను చెప్పుకుంటాను. మీరు పంపుతూ ఉండండి చాలు.

అభిప్రాయం నేను రాస్తాను. ఐదో తరగతి దాకా చదివాను. వాడు కొన్న టీవీ ఉంది, డిస్కులు పెట్టే పెట్టె ఉంది. ఎక్కడ నొక్కాలో పక్కింటి నాగదుర్గకి తెలుసు.

ఉంటాను,
కోటమ్మ

తా.క.: వేలిముద్ర ఉన్న ఆ డిస్కు తుడవకండి. మీకు పుణ్యం ఉంటుంది.

---

మచిలీపట్నం
21-4-2003

శ్రీమతి కోటమ్మ గారికి,

తమ ఉత్తరము చదివితిని. నా కార్డులోని భాషకు సిగ్గుపడుచున్నాను.

నియమావళి మొత్తము తిరగవేసితిని. సభ్యుని పేరు కొట్టివేయుటకు చీటీ రాయకపోవుట కారణముగా ఉన్నది గాని మరణము కారణముగా లేదు. కాబట్టి సభ్యులు నెం. 17 కొనసాగును. కవరు మీద ఆయన పేరే ఉండును. అయితే ఆరవ నియమము మాత్రము తప్పదు. చీటీ రావలెను. 58వ చిత్రము, దాని కథాసంగ్రహము పంపుచున్నాను.

భవదీయుడు,
భూషణం

తా.క.: వేలిముద్ర డిస్కు ప్రస్తుతము అవనిగడ్డ సభ్యులు సుందరరాజు గారి వద్ద ఉన్నది. ఆయన మహా శుభ్రత గల మనిషి. తుడవవద్దని ఫోను చేసితిని. ఎత్తలేదు. మళ్ళీ చేయుదును.

---

పెడన
19-5-2003

భూషణం గారికి కోటమ్మ నమస్కారాలు. ఎండలు మండుతున్నాయి, మీ బందరులో గాలైనా ఉంటుంది. మూడు సినిమాలూ చూశాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక కరెంటు ఉన్నప్పుడు నేనూ నాగదుర్గా చూస్తాం. మా ఆయన చిన్నారావు టీవీకి వీపు పెట్టి బల్ల దగ్గర అద్దుకుంటూ ఉంటాడు. ఆయన మాట్లాడక మూడు నెలలైంది. అన్నం పెట్టమంటాడు, అంతే.

56కి అభిప్రాయం. ఒకావిడ గంటంపావు బట్టలు ఉతికింది. ఉతకటం బాగుంది గానీ పిండటం రాదు. ఆ నీళ్ళు కారే బట్ట తీగ మీద వేస్తే ఎన్నాళ్ళకి ఆరుతుంది? చివర్లో చచ్చిపోయింది.

57కి అభిప్రాయం. ఇది మొత్తం నలుపే. మా పనిలో ముందు నల్ల అచ్చు వేస్తాం, ఆ తర్వాత పటిక అచ్చు వేస్తాం. పటిక కంటికి కనపడదు. డేగిసాలో ఉడకబెట్టాకే ఎరుపు తేలుతుంది. ఇది ఉడకబెట్టకుండానే పంపేసినట్టున్నారు. గడియారాలు బాగుచేసే ముసలాయన మంచివాడు. ఆయనా చచ్చిపోయాడు.

58లో గుర్రం చచ్చిపోయింది. నాగదుర్గ లేచి, "ఏంది పిన్నీ, నోరులేని దాన్నన్నా ఉంచరా వీళ్ళు?" అని తిట్టుకుంటూ వెళ్ళిపోయింది.

అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. మా వాడు ఉన్నప్పుడు మీరు ఇట్లాంటివి పంపలేదు గదా? వాడు సినిమా చూసిన మర్నాడు నా ఎదురుగా నిలబడి అచ్చు వేస్తూ కథంతా చెప్పేవాడు. అన్నీ బాగుండేవి. ఎన్ని కష్టాలు పడ్డా చివరికి తప్పిపోయినవాళ్ళు దొరికేవాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు. వాడు పోయాక చావులవి ఏరి ఏరి పంపుతున్నారా? చావు ఇంటికి చావు సినిమాలే పంపాలని మీ నియమాల్లో ఉందా?

వాడు చెప్పినవాటిల్లో నాకు బాగా గుర్తున్నది రైలు గేటు కాపలావాడి సినిమా. మంచు పడుతుంటే చిన్నపిల్ల గిన్నెలో అన్నం పెట్టుకుని గేటు దగ్గర తండ్రికి తీసుకెళ్తుంది. దారిలో తప్పిపోతుంది. రొట్టెలు కాల్చే ఇంట్లో ఉండి, తెల్లారి వేడి రొట్టె పట్టుకుని వస్తుంది. తండ్రి ఏడుస్తూ రొట్టె తిని, "ఉప్పు తక్కువైందే" అంటాడు. అది పంపండి. మా నరేంద్ర నోటి వెంట విన్నది కంటితో చూస్తాను.

ఉంటాను,
కోటమ్మ

తా.క.: మీ కథాసంగ్రహం ముందు చదివాం. దానికంటే ఆ పరాయి భాషే తేలిగ్గా అర్థమైంది.

---

మచిలీపట్నం
27-5-2003

శ్రీమతి కోటమ్మ గారికి,

తమ అభిప్రాయములు ముట్టినవి. మండలి చరిత్రలో పిండుట గురించి రాసిన సభ్యులు లేరు.

చిత్రముల ఎంపిక తమరి ఇంటిని చూచి చేయునది కాదని మనవి. మొదటి నుండి ఇదే జాతి చిత్రములు పంపుచున్నాము. కళాత్మక చిత్రములలో మరణము కొంత సహజము.

తమరు అడిగిన గేటు కాపలాదారు చిత్రము 42వది. రిజిస్టరు చూచితిని, 2001 డిసెంబరులో నరేంద్ర గారికి పంపినదే. నియమము ప్రకారము ఒకసారి పంపినది మళ్ళీ పంపరాదు. అయినను పంపుచున్నాను.

భవదీయుడు,
భూషణం

తా.క.: సుందరరాజు గారు ఫోను ఎత్తినారు. తుడవవద్దు అనగా, "ఏ డిస్కు?" అన్నారు. వెదుకుచున్నారట.

---

పెడన
9-6-2003

భూషణం గారికి,

క్షేమసమాచారాలు తర్వాత.

మీరు పంపింది ఆ సినిమా కాదు. గేటు అదే, మంచు అదే, పిల్ల అదే. మొదటి డిస్కు మా వాడు చెప్పింది చెప్పినట్టు ఉంది. నాకు ముందే తెలుసు గనక నాగదుర్గకి నేనే చెబుతూ కూర్చున్నాను, "చూడు, ఇప్పుడు కుక్క వస్తుంది, ఇప్పుడు దీపం ఆరిపోతుంది" అని. అన్నీ వచ్చాయి. రెండో డిస్కు పెట్టాం. రొట్టెలు కాల్చే ఇల్లు లేదు. పిల్ల రాలేదు. తండ్రికి మంచులో గిన్నె ఒక్కటే దొరికింది. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని గేటు ఎత్తుతాడు, దించుతాడు, ఎత్తుతాడు, దించుతాడు. అయిపోయింది.

"పిన్నీ, పిల్ల తిరిగొస్తుందన్నావు గదా?" అంది నాగదుర్గ. రెండో డిస్కు తీసి మళ్ళీ పెట్టమన్నాను.

ఉప్పు తక్కువైందన్న సీను ఏదండీ? ఎవరు కోసేశారు? మా వాడికి పూర్తిది పంపి నాకు ముక్క పంపారు. చదువు లేనిది, దానికేం తెలుస్తుందిలే అనుకున్నారా? అబద్ధం ఆడే అలవాటు మా నరేంద్రకి లేదు. చిన్నప్పుడు జామకాయలు దొంగిలించి కూడా తనే వచ్చి చెప్పాడు.

పూర్తిది పంపండి.

కోటమ్మ

తా.క.: ఇది కూడా అభిప్రాయం కిందే రాసుకోండి. ఆరవ నియమం అని మళ్ళీ కార్డు రాయకండి.

---

మచిలీపట్నం
16-6-2003

శ్రీమతి కోటమ్మ గారికి,

ముప్ఫై నాలుగేళ్ళు రిజిస్ట్రేషను ఆఫీసులో పనిచేసితిని. ఒక్క దస్తావేజులో ఒక్క అక్షరము కొట్టివేసితినని ఎవరూ అనలేదు. మొదటిసారిగా తమరు అన్నారు.

42వ చిత్రమునకు మా వద్ద ఉన్నది ఒక్కటే ప్రతి. నరేంద్ర గారు చూచినది అదే, తమరు చూచినది అదే. తమ ఉత్తరముతో డిస్కులు తిరిగి వచ్చినాక ఆ చిత్రము మొదటి నుండి చివరి దాకా నేను రెండుసార్లు చూచితిని. నిడివి గంటా నలభై మూడు నిమిషములు, అట్ట మీద ఉన్నట్లే ఉన్నది. రొట్టె ఎక్కడా లేదు. ఉప్పు అంతకన్నా లేదు. పిల్ల దొరకలేదు.

కావున ఏదో మరొక చిత్రముతో కలిపి గుర్తుపెట్టుకొనియుందురు. వయసులో ఇది సహజము.

భూషణం

తా.క.: రెండవసారి చూచునప్పుడు మా ఆవిడ వచ్చి కూర్చున్నది. ఇప్పుడు ఆమె కూడా నన్నే అడుగుచున్నది, ఆ పిల్లను ఏం చేశారని.

---

పెడన
24-6-2003

భూషణం గారికి,

నేను ఏదీ కలిపి గుర్తుపెట్టుకోలేదండి. వాడు చెప్పిన మాటలు తప్ప నాకు వేరే గుర్తు ఏముంది, కలపటానికి?

మీ మీద ఎందుకంత కోపం వచ్చిందో చెబుతాను. కోపం పోయాక రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున నేను వాడికి క్యారియరు కట్టాను. వంకాయ కూర, పెరుగన్నం. గుడివాడలో తిన్నట్టున్నాడు. పోలీసులు క్యారియరు తెచ్చి ఇచ్చారు. చిన్న సొట్ట కూడా పడలేదు. లోపల ఖాళీగా ఉంది. మా వాడు క్యారియరు తీసుకెళ్ళినప్పుడల్లా తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "ఉప్పు తక్కువైందే అమ్మా" అనేవాడు. ఒక్కరోజు కూడా మానలేదు. ఆ రోజు కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పకుండానే పోయాడు. నవ్వుతారేమో, ఇదేం బాధ అని. నాకు అదే బాధ. వాడి ఆఖరి ముద్ద ఎట్లా ఉందో నాకు తెలియదు.

ఆ సినిమాలో తండ్రి గిన్నె పట్టుకుని నిలబడ్డప్పుడు నేను క్యారియరు పట్టుకుని నిలబడ్డట్టే ఉంది. అందుకే, పిల్ల వచ్చే సినిమా కావాలన్నాను.

ఇంకొకటి. ఆ రోజు సినిమా అయిపోయాక, టీవీకి వీపు పెట్టి కూర్చున్న మా ఆయన, అచ్చు చేతిలోనే ఉంది, తిరక్కుండానే అడిగాడు. "పిల్ల దొరికిందా?" అని. అన్నం మాట కాకుండా, నాలుగు నెలల తర్వాత ఆయన నోటి వెంట వచ్చిన మొదటి మాట అది. నేను, "కరెంటు పోయింది, చూడలేదు" అన్నాను. టీవీ మోగుతూనే ఉంది. ఆయన సరే అన్నాడు.

ఆయనకి నేను జవాబు బాకీ ఉన్నాను. మీ దగ్గర ఉంటే పంపండి. లేకపోతే లేదని రాయండి, ఇంక అడగను.

ఉంటాను,
కోటమ్మ

తా.క.: మీ ఆవిడగారిని అడిగానని చెప్పండి. పిల్ల సంగతి ఆవిడకే పట్టింది, మీకు నిడివి పట్టింది.

---

మచిలీపట్నం
5-7-2003

కోటమ్మ గారికి,

ఈ ఉత్తరము ఆఫీసు భాషలో రాయలేను. క్షమించండి.

ముందు ఒక నేరం ఒప్పుకోవాలి. చీటీ రాయకపోతే పేరు కొట్టేస్తానని అందరినీ బెదిరిస్తాను గానీ, వచ్చిన చీటీలు నేను ఎప్పుడూ చదవలేదు. వచ్చిన తేదీ వేసి ఇనుప తీగకి గుచ్చుతాను. ఆఫీసులో కాగితాన్ని అట్లాగే చూసేవాళ్ళం. నేను చదివిన మొదటి చీటీలు మీవి. అవి కూడా, మీరు తిట్టారు కాబట్టి చదివాను.

మీ ఉత్తరం చూసి మా ఆవిడ, "ఆ అబ్బాయి ఆ సినిమాకి ఏం రాశాడో చూడొచ్చుగా, మీరు తీగకి గుచ్చారుగా?" అంది. ఈ ఆలోచన నాకు రాలేదు. తీగ దించాను. 2001 డిసెంబరు దాకా ఒక్కొక్కటీ తీశాను. మీ అబ్బాయి చీటీ దొరికింది. మధ్యలో తీగ పొడిచిన చిల్లు ఉంది, ఆ పాపం నాదే. అసలు చీటీయే దీనితో పంపుతున్నాను. ఒకవేళ చిల్లు పడ్డ చోట అక్షరం తెలియకపోతే అని ఇక్కడ కూడా ఎత్తి రాస్తున్నాను.

"42వ చిత్రం. చాలా గొప్పగా ఉంది. కానీ ఇది మా అమ్మకి చెప్పలేను. నేను చూసిన ప్రతి సినిమా మర్నాడు అద్దకం బల్ల దగ్గర అమ్మకి చెబుతాను. విషాదం వస్తే ఏడుస్తుంది. కన్నీటి చుక్క పటిక అచ్చు మీద పడితే అప్పటికి ఏమీ కనపడదు, ఉడకబెట్టాక ఎర్రటి మచ్చ తేలుతుంది. ఒకసారి అట్లా ఆరు దుప్పట్లు పోయాయి. అప్పటినుంచి మొదటి డిస్కు ఉన్నది ఉన్నట్టు చెబుతాను, రెండో డిస్కు నేనే కల్పిస్తాను. మా బల్ల దగ్గర ఇంతవరకు ఎవరూ చావలేదు.

ఈసారి కష్టమైంది. పిల్ల రొట్టె పట్టుకుని తిరిగొచ్చిందంటే అమ్మ నమ్మలేదు. 'అంత మంచులో ఎట్టా వచ్చిందిరా, నువ్వేదో దాస్తున్నావు' అంది. అన్నీ బాగున్నాయంటే అమ్మ నమ్మదు, ఏదో ఒక లోటు ఉండాలి. తండ్రి రొట్టె తిని ఉప్పు తక్కువైందన్నాడని చెప్పాను. అప్పుడు నవ్వి నమ్మింది. ఆ మాట నేను రోజూ అమ్మని అనేదే. నిజానికి అమ్మ వంటలో ఉప్పు నాకు సరిగ్గా సరిపోతుంది. ఒక్కరోజు కూడా తక్కువ కాలేదు. అంటే నవ్వుతుందని అంటాను.

కార్యదర్శి గారూ, ఈ చీటీలు మీరు చదవరని నా అనుమానం. చదివితే వచ్చే నెల కవరులో ఒక రంగు కాగితం ముక్క పెట్టండి. – నరేంద్ర, నెం. 17."

నేను పెట్టలేదండి. చదవలేదు గనక.

గులాబీరంగు కాగితం ముక్క ఒకటి ఇందులో పెట్టాను. పద్దెనిమిది నెలలు ఆలస్యంగా.

మీ
భూషణం

తా.క.: వేలిముద్ర డిస్కు కూడా పంపుతున్నాను. చెక్కుచెదరలేదు. సుందరరాజు గారు దాన్ని కవరులోంచి తియ్యనే లేదని తేలింది. కానీ ఆ సినిమాకి ఆయన రాసిన అభిప్రాయం నాలుగు పేజీలు. అదీ నేను ఇప్పుడే చదివాను.

---

పెడన
20-7-2003

భూషణం గారికి, మీ ఆవిడగారికి కోటమ్మ నమస్కారాలు. మేము క్షేమం. ఈసారి చెయ్యి కాదు, నేనే రాశాను.

పోస్టాయన గుమ్మంలో నిలబడి, "నరేంద్రా, నీ సినిమా వచ్చిందయ్యా" అని కేకేశాడు. నేను చెప్పినట్టే వేశాడు. నేను బల్ల దగ్గర పటిక అచ్చు వేస్తున్నాను. చేతులు తుడుచుకుని అక్కడే విప్పాను. మీరు ఎత్తి రాసింది అక్కర్లేకపోయింది, వాడి అక్షరాలు నాకు తెలుసు. తీగ చిల్లు "అమ్మ" అన్న మాట పక్కనే పడింది, మాట మీద పడలేదు.

మా వాడికి అబద్ధం ఆడే అలవాటు లేదని మీకు రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. రోజూ ఆడాడు, నెలకొక సినిమా ఆడాడు. దొంగ వెధవ.

ఉప్పు సరిపోయిందంట. ఆ రోజు కూడా సరిపోయే ఉంటుంది గదండీ.

చీటీ మళ్ళీ మొదటి నుంచి చదివాను. మా ఆయన వచ్చి నిలబడి, చేతిలో కాగితం చూసి, "ఏంటది?" అన్నాడు. "ఆ గేటు సినిమా వాళ్ళు రాశారు" అన్నాను. "పిల్ల దొరికిందా?" అన్నాడు మళ్ళీ. మరిచిపోలేదు చూడండి.

"దొరికింది" అన్నాను. "రొట్టెలు కాల్చే ఇంట్లో ఉందంట. తెల్లారి వచ్చింది."

ఆయన నా మొహం వంక చూశాడు. "అంత మంచులోనా?" అన్నాడు.

"రొట్టె తెచ్చింది. వాళ్ళ నాన్న తిని, ఉప్పు తక్కువైందే అన్నాడంట" అన్నాను.

ఆయన చేతులు పంచెకి తుడుచుకున్నాడు. తర్వాత, "నాన్నలు అంతే" అని వెళ్ళి అచ్చు అందుకున్నాడు. నమ్మాడు. లేక నమ్మినట్టు ఉన్నాడేమో, నేను అడగలేదు. రెండో డిస్కు ఎట్లా చెప్పాలో ఇప్పుడు నాకు తెలిసింది. వచ్చే నెలది పంపండి. నాగదుర్గకి కూడా నేనే చెబుతాను, దాన్ని రెండో డిస్కు చూడనివ్వను.

ఆ రోజు నేను అద్దుతున్న దుప్పటి నిన్న డేగిసాలో ఉడకబెట్టాం. అప్పుడు ఏమీ కనపడలేదు, ఇప్పుడు ఒక పక్కంతా ఎర్ర చుక్కలు తేలాయి. అమ్మటానికి పనికిరాదు. మా ఆయన చూసి పక్కన పెట్టమన్నాడు. దాన్ని మీకు పార్శిలు చేస్తున్నాను, మీ టీవీ మీద కప్పుకోండి. చుక్కల్ని డిజైను అనుకోమని మీ ఆవిడగారికి చెప్పండి.

ఉంటాను,
కోటమ్మ
సభ్యులు నెం. 17 తల్లి

తా.క.: ఇన్నేళ్ళూ వాడు "ఉప్పు తక్కువైందే" అంటుంటే మర్నాడు ఒక చిటికెడు ఎక్కువ వేసేదాన్ని. సరిగ్గా సరిపోయిందంటున్నాడు గనక, ఆ చిటికెడు ఏమైందో నాకు అర్థం కావటం లేదు. మిగతా చీటీలు కూడా తీగ మీంచి దించి పంపండి, వాటిల్లో ఏమైనా రాశాడేమో చూస్తాను. తొందర లేదు, నెలకొకటి పంపండి. కవరు మీద పేరు మాత్రం వాడిదే ఉండాలి.